ఇండక్షన్ అంటే ఎన్ని అర్థాలు?

ప్రశ్న: వంటింట్లో ఇండక్షన్ స్టవ్, ఆఫీసులో కొత్తవాళ్లకి ఇండక్షన్, లెక్కల పుస్తకంలో ఇండక్షన్. మొన్న మా అక్కకి నెలలు నిండినా నొప్పులు రాలేదని డాక్టర్ గారు ‘ఇండక్షన్ చేద్దాం’ అనేసరికి, కరెంటేమైనా పెడతారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా, పేరు మాత్రమే ఒకటా?

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి, కరెంటు మాటే లేదు. కాన్పు నొప్పులు వాటంతట అవి మొదలవ్వకపోతే మందులతో మొదలయ్యేలా చేస్తారు, అంతే. గర్భాశయ ముఖద్వారం మెత్తబడటానికి ప్రోస్టాగ్లాండిన్ రకం మందులు, నొప్పులు రావడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఇస్తారు. ఈ ఆక్సిటోసిన్ మన ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోనే. నొప్పులు మరీ ఎక్కువ కాకుండా, బిడ్డ గుండె కొట్టుకునే తీరులో తేడా రాకుండా కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఇది ఆస్పత్రిలోనే చేస్తారు.

ఇక మాట సంగతి. లాటిన్‌లో ‘ఇన్‌డూకెరె’ అంటే లోపలికి తీసుకెళ్లడం, ఒక పనికి పురికొల్పడం. కొత్త ఉద్యోగిని సంస్థలోకి తీసుకెళ్లేది ఆఫీసు ఇండక్షన్. తాకకుండానే పక్క తీగలో కరెంటు పుట్టేలా పురికొల్పడం ఫారడే 1831లో కనిపెట్టిన ఇండక్షన్, దాన్ని తెలుగులో విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం. మీ స్టవ్ పనిచేసేది దానివల్లే. గాజు పలక కింద ఉన్న తీగచుట్టలో కరెంటు సెకనుకు 20 వేలసార్లకు పైగా దిశ మార్చుకుంటూ ఉంటే, పైన పెట్టిన గిన్నె అడుగులోనే సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే కరెంటు, పుట్టి గిన్నె తనంతట తానే వేడెక్కుతుంది. గాజుకి తగిలే వేడి గిన్నె నుంచి వచ్చిందే. అయస్కాంతం అతుక్కునే గిన్నెలే వాడమనేది, అలాంటి లోహంలోనే ఈ వేడి బాగా పుడుతుంది కాబట్టి.

తర్కంలో ఇండక్షన్ వేరు. కొన్ని ఉదాహరణలు చూసి వాటి నుంచి ఒక సూత్రానికి రావడం అది, మన పుస్తకాల్లో ఆగమనం అంటారు. ఇది చాలా ఉపయోగపడే పద్ధతే, అయితే దీంట్లో పూర్తి గ్యారంటీ ఉండదు, ఎందుకో ఈ చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి అదే సంఖ్యనీ ఇంకో 41నీ కలపండి. 0కి 41, 1కి 43, 2కి 47, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇలా 39 దాకా వరసగా 40 సార్లు ప్రధాన సంఖ్యే వస్తుంది, ఇంక ఎప్పుడూ ఇంతేనని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ 40 దగ్గర 1681 వస్తుంది, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది.

లెక్కల్లో ఇండక్షన్‌కి, అంటే గణితానుగమనానికి, ఈ బలహీనత లేదు. పేరులో ఇండక్షన్ అని ఉన్నా అది ఉదాహరణలు పోగేసి ఊహించడం కాదు, పక్కా నిరూపణ. మొదటి సంఖ్యకి నిజమని చూపించాలి, ఆ తర్వాత ఏదైనా ఒక సంఖ్యకి నిజమైతే దాని తర్వాతి సంఖ్యకీ నిజమై తీరాలని చూపించాలి. నాకు తెలిసి విద్యార్థులు తడబడేది ఈ రెండో మెట్టు దగ్గరే. ఎవరైనా పది ఉదాహరణలు చూపించి ఇండక్షన్‌తో నిరూపించామంటే, ఆ రెండో మెట్టు ఎక్కడుందో చూపించమని అడగండి.