స్టాంపు బొమ్మల్లో రంగు నునుపుగా కలవాలంటే ఖరీదైన సామాను కొనాలా?

చేతితో చేసే శుభాకాంక్షల కార్డులపై పువ్వుల స్టాంపులు వేసి మామూలు రంగు పెన్సిళ్లతో నింపుతున్నాననీ, ఎంత జాగ్రత్తగా నింపినా గీతలు గీతలుగానే కనబడుతున్నాయనీ, దిగుమతి సామాను ధరలు అందుబాటులో లేవనీ, హైదరాబాద్‌లో తక్కువ ఖర్చుతో ఏవి దొరుకుతాయో చెప్పమనీ మీరు అడిగారు. పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఉగాదికీ కార్డులు చేసి తెలిసినవారికి అమ్ముతూ వస్తున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. రంగు కలిపే పరికరాల మీద పెద్దగా ఖర్చు పెట్టవద్దనీ, ఆ డబ్బును మంచి కాగితానికీ మంచి ఇంక్ ప్యాడ్‌కూ మళ్లించమనీ నా సలహా. పరికరాల్లో చాలావరకు మందుల దుకాణంలోనో, సౌందర్య సాధనాల దుకాణంలోనో, మీ ఇంట్లోని తెల్ల కాగితాల్లోనో ఇప్పటికే ఉన్నాయి.

పరికరం గురించి ఆలోచించే ముందు, బొమ్మ అంచు గీతను ఏ ఇంకుతో వేస్తున్నారో చూసుకోవాలి, ఎందుకంటే రంగును కరిగించే ద్రవం ఆ గీతను కూడా కరిగిస్తే ఎంత మంచి పరికరమైనా నల్లటి మరకనే మిగులుస్తుంది. కార్యాలయాల్లో సంతకం పక్కన ముద్ర వేయడానికి వాడే ఊదా, నలుపు ప్యాడ్లు ఈ పనికి పనికిరావు. వాటి ఇంకు ఆరడానికి చాలాసేపు పడుతుంది, తడి తగిలితే పారుతుంది. కార్డులు చేసేవారు ఎక్కువగా వాడే జపాన్ ప్యాడ్లలో మెమెంటో ఆల్కహాల్ మార్కర్లకు (ఆల్కహాల్‌లో కరిగిన ఇంకు ఉండే రంగు పెన్నులకు) తట్టుకుంటుంది కానీ నీటికి కొంత కరుగుతుంది. వెర్సాఫైన్ ఆరిన తరువాత నీటిని బాగా తట్టుకుంటుంది. స్టేజాన్ నీటికి చెక్కుచెదరదు కానీ ఆల్కహాల్ మార్కరు తగిలితే చెదురుతుంది. మీ దగ్గర ఏ ప్యాడు ఉన్నా, కార్డుకు వాడే కాగితం ముక్క మీదనే స్టాంపు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక మూల నీటితోనూ మరో మూల మీరు వాడబోయే ద్రవంతోనూ రుద్ది చూడండి. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు ఇంకు ఆరడం మందగిస్తుంది కాబట్టి అప్పుడు మరికొంత సమయం ఇవ్వాలి.

ఇక పెన్సిళ్ల విషయం. మన దుకాణాల్లో దొరికే మామూలు రంగు పెన్సిళ్లలో రంగును పట్టి ఉంచేది ప్రధానంగా మైనం. గీతలు కనబడడానికి కారణం, కాగితం మీది సన్నని గరుకులో ఎత్తైన చోట్ల మాత్రమే మైనం అంటుకుని, పల్లపు చోట్లు తెల్లగా మిగిలిపోవడం. రంగు కలపడమంటే ఆ మైనాన్ని పల్లాల్లోకి నెట్టడమే. ఒత్తిడితో, రాపిడితో నెట్టవచ్చు. లేదా మైనాన్ని ద్రవంతో మెత్తబరిచి నెట్టవచ్చు. మొదటి దానికి ఖర్చు దాదాపు లేదు. మే నెల మధ్యాహ్నాల్లో పెన్సిలు ములుకు కాస్త మెత్తబడి రంగు తేలికగా పరుచుకోవడం మీరూ గమనించే ఉంటారు. మన ఎండ ఉచితంగా చేసే ఉపకారం అదొక్కటే కావచ్చు.

రాపిడికి వాడే పరికరం కాగితపు స్టంప్. బిగుతుగా చుట్టిన కాగితపు పుల్ల అది. బొగ్గు, పెన్సిలు చిత్రాల నీడలను నునుపు చేయడానికి చిత్రకళ విద్యార్థులు వాడతారు. చిత్రకళ సామాను అమ్మే దుకాణాల్లో సన్నవి, లావువి కలిపిన కట్టగా దొరుకుతుంది, ధర కూడా భారం కాదు. అయినా ఇంట్లో చేసుకోవడం సులువు. అచ్చు లేని న్యూస్‌ప్రింట్ గానీ బ్లాటింగ్ పేపరు గానీ తీసుకోండి. చదివేసిన దినపత్రిక వాడితే దాని నల్లని సిరా మీ పసుపు చామంతి మీదికి వస్తుంది. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కను వీలైనంత బిగుతుగా గొట్టంలా చుట్టి, మధ్యలో టేపు వేయాలి. కాలిపోయిన అగరుబత్తి పుల్లను శుభ్రంగా తుడిచి, ఒక కొసలోంచి నడిమధ్యకు దూర్చి మెల్లగా తోస్తే లోపలి చుట్లు ముందుకు జరిగి అవతలి కొసన సన్నని మొన ఏర్పడుతుంది. మొన మొద్దుబారితే మళ్లీ తోయవచ్చు, మురికిపడితే ఎమరీ పేపరు మీద రుద్దితే కొత్త పొర బయటపడుతుంది. ఎరుపు కుటుంబానికి ఒకటి, పచ్చకు ఒకటి, నీలానికి ఒకటి వేరువేరుగా ఉంచుకుని వాటి మీద రంగు గుర్తు పెట్టుకోవడం మంచిది.

అయితే పొడి స్టంప్ మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చౌక పెన్సిళ్ల మైనం గట్టిగా ఉంటుంది కాబట్టి పలుచగా వేసిన రంగును అది పెద్దగా కదిలించలేదు. తేలికపాటి ఒత్తిడితో మూడు నాలుగు పొరలు, ప్రతి పొరనూ వేరే దిశలో వేసిన తరువాతే స్టంప్ పట్టాలి. మొదటి పొరనే గట్టిగా అదిమితే కాగితం మెరుపెక్కి, ఆపై వేసే రంగు జారిపోతుంది. స్టంప్‌కు బదులు లేత పెన్సిలుతోనే మెరుగుపెట్టే పద్ధతి ఇంకా చౌక: ముదురు గులాబీ మీద లేత గులాబీని, ఆకుపచ్చ మీద లేత పసుపును గట్టిగా రుద్దితే రెండూ కలిసిపోతాయి. చాలామంది తెల్ల పెన్సిలు వాడమంటారు కానీ, నా కంటికి అది రంగులన్నిటికీ సున్నం పూసినట్టు చేస్తుంది. అదే కుటుంబంలోని లేత రంగే మేలు. మైనం ఎక్కువైన చోట కొన్నాళ్లకు తెల్లని పొర తేలవచ్చు, దాన్ని మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది.

నునుపు ఇంకా కావాలంటే ద్రవం తప్పదు. విదేశాల్లో కార్డులు చేసేవారు గ్యాంబ్లిన్ సంస్థ తయారుచేసే గామ్సాల్ అనే, వాసన దాదాపు లేని మినరల్ స్పిరిట్‌ను వాడతారు. అది మైనాన్ని కరిగించి, తాను ఆవిరైపోతుంది. ఇక్కడ చిత్రకళ దుకాణాల్లో తైలవర్ణాల కోసం అమ్మే వాసన తక్కువ థిన్నర్లలో ఆ రకానిది అడిగి తీసుకోవచ్చు. రంగుల దుకాణంలో తలుపులకు వేసే పెయింటు పలుచన చేయడానికి అమ్మే టర్పెంటైన్ ఇంకా చౌక, పని కూడా చేస్తుంది, కానీ దాని ఘాటు గదిని వదలదు, కార్డునూ వదలదు. పెళ్లి కార్డు కవరు విప్పగానే కొత్తగా రంగు వేసిన తలుపు గుర్తుకురావడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఏ స్పిరిట్ వాడినా కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోండి, సీసాను పిల్లలకు అందనివ్వకండి. చిన్న మూతలో దూది పెట్టి దానిమీద కొన్ని చుక్కలు వేసి, స్టంప్ మొనను ఆ దూదికి అద్ది, టిష్యూ మీద ఒకసారి ఒత్తి, అప్పుడు బొమ్మకు పట్టించాలి. రేకుల మధ్య భాగాన్ని తెల్లగా వదిలి అంచుల్లోనే ముదురు రంగు వేసుకుంటే, చిన్న వలయాలుగా తిప్పుతూ రంగును లోపలికి లాగినప్పుడు నీడ దానంతటదే ఏర్పడుతుంది. అది ఆరిన తరువాత నీడ ఉన్న చోట మరో పొర వేయవచ్చు.

బేబీ ఆయిల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చౌక చిట్కాల్లో అందరూ ముందు చెప్పేది అదే. అది సువాసన కలిపిన మినరల్ ఆయిల్. మైనాన్ని మెత్తబరుస్తుంది కానీ ఆవిరైపోదు. కాగితంలోనే ఉండి మెల్లగా పాకుతుంది, వెనుకవైపు పారదర్శకమైన మచ్చగా తేలుతుంది, ఆ మచ్చ మీద డబుల్ టేపు కూడా సరిగా అంటదు. నోటుబుక్కులో బొమ్మకు ఫర్వాలేదు కానీ, లోపలి పేజీలో శుభాకాంక్షలు రాసి ఇచ్చే కార్డుకు నేను సిఫారసు చేయను. ఇంట్లో అదొక్కటే ఉంటే, ఇయర్ బడ్ కొసకు కొద్దిగా అద్ది టిష్యూ మీద బాగా తుడిచాకే వాడండి. బొమ్మను విడి కాగితం మీద వేసి, ఒక రోజు కాగితాల మధ్య పెట్టి, ఆ తరువాత కత్తిరించి కార్డు మీద అతికించండి.

కాగితం సంగతి. నునుపైన ఐవరీ షీటు పెన్సిలుకు బాగా సరిపోతుంది, 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) మందం తీసుకుంటే రుద్దుడుకు తట్టుకుంటుంది. బడి పిల్లలు వాడే చార్టు మెరుపు వైపు మీద పెన్సిలు నిలవదు. పాతబస్తీలోని ఛత్తా బజార్ పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులకు పేరుపడింది. పరిచయం చేసుకుని అడిగితే, కత్తిరించగా మిగిలిన మందపాటి కాగితం ముక్కలు అక్కడ తక్కువకే ఇస్తారు. అయితే పెళ్లి పత్రికల అట్టల్లో చాలావాటికి ముత్యపు మెరుపు పూత ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ పెన్సిలు ఒకటి జేబులో వేసుకుని, ముక్క మీద రెండు పొరలు గీసి చూశాకే కట్ట కట్టించండి. యజమాని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

బొమ్మ చుట్టూ ఆకాశంలా లేత రంగు పరచాలంటే పెన్సిళ్లతో గంటలు వృథా చేయనక్కరలేదు. కార్డుల వారు దీనికి ప్రత్యేకమైన బ్లెండింగ్ బ్రష్షులు అమ్ముతారు కానీ, ముఖానికి పౌడరు, ఫౌండేషన్ అద్దుకునే దట్టమైన సింథటిక్ మేకప్ బ్రష్షు అచ్చంగా అదే పని చేస్తుంది, ఈ రెండిటినీ నేను పక్కపక్కన పెట్టి వాడి చూసి చెబుతున్న మాట ఇది. సుల్తాన్ బజార్, కోఠి వీధుల్లోనూ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ ఇవి చవకగా దొరుకుతాయి. వెంట్రుకలు పొట్టిగా, ఒత్తుగా, వేలితో లాగితే ఊడనివై ఉండాలి. డై ఇంక్ (ద్రవంలో పూర్తిగా కరిగిన రంగుతో చేసిన ఇంకు) ప్యాడు మీద బ్రష్షును అద్ది, ముందుగా పక్కనున్న చిత్తుకాగితం మీద తిప్పి, అక్కడి నుంచే వలయాలుగా కార్డు మీదికి జరపాలి. నేరుగా కార్డు మీద మొదలుపెడితే ముదురు గుండ్రటి మచ్చ పడుతుంది, అది ఎంత రుద్దినా పోదు. బొమ్మ మీద రంగు పడకుండా, అదే స్టాంపును స్టిక్కీ నోటు జిగురు ఉన్న భాగం మీద వేసి, అంచు వెంట కత్తిరించి, బొమ్మపై ముసుగులా అతికించండి. స్పాంజి ముక్కలూ పనిచేస్తాయి కానీ ఇంకును ఎక్కువగా తాగేస్తాయి.

నీటితో కలిపే దారిలో అన్నిటికంటే చవకైనవి పిల్లల స్కెచ్ పెన్నులు. నేరుగా కార్డు మీద గీయకుండా, పాత ప్లాస్టిక్ డబ్బా మూత మీద రంగు రుద్ది, తడిపిన 2వ నంబరు గుండ్రటి బ్రష్షుతో ఎత్తుకుని నీటిరంగులా వేయాలి. నలుపు, గోధుమ స్కెచ్ పెన్నులు తడి కాగితం మీద నీలం, గులాబీ వంటి రంగులుగా విడిపోతాయి. అది కొందరికి విసుగు, నాకు మాత్రం ఆకుల నీడలకు బాగా పనికివచ్చింది. వీటి రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఫ్రేము కట్టించుకునే కార్డులకు వాడవద్దు. నీరు నింపుకునే వాటర్ బ్రష్ సౌకర్యమే తప్ప అవసరం కాదు. పేస్టల్ చాక్ పొడిని కంటిరంగు స్పాంజి పుల్లతో అద్దే పద్ధతి కూడా అందంగానే ఉంటుంది. ఫ్యాను ఆపి కూర్చోవాలి, కవరులో రుద్దుకుని పొడి రాలుతుంది, అందుకే నేను మానేశాను.

ఆల్కహాల్ మార్కర్ల గురించి మీరు అడగలేదు కానీ తరువాత ఆ ఆశ పుడుతుంది. 1987లో జపాన్‌లో మొదలైన కాపిక్ మార్కర్లు మంచివే, ఇంకు తిరిగి నింపుకోవచ్చు, కానీ ఒక్కో పెన్ను ధరకు మీకు పైన చెప్పిన సామానులో చాలావరకు వచ్చేస్తుంది. చవక సెట్లు కొన్నా అరవై రంగుల పెట్టె కంటే, ఒకే రంగులో లేత, మధ్య, ముదురు ఛాయలు మూడు ఉండడం ముఖ్యం, ఎందుకంటే తడిగా ఉండగానే ఒకదాని పక్కన ఒకటి వేసినప్పుడే అవి కలుస్తాయి. రంగులేని బ్లెండర్ పెన్ను రెండు రంగులను కలుపుతుందని అనుకుని కొనకండి. అది రంగును పక్కకు నెడుతుంది, అంచు దాటిన మరకను వెనక్కి తోయడానికి ఎక్కువగా పనికొస్తుంది.

స్టాంపు కూడా లెక్కలోకి వస్తుంది. సన్నని గీతల క్లియర్ స్టాంపుల (పారదర్శకమైన ప్లాస్టిక్‌ లాంటి మెత్తని స్టాంపుల) కంటే, కలంకారీ బట్టల కోసం పెడనలో టేకు మీద చెక్కే అచ్చుల వంటి లావు గీతల చెక్క అచ్చులు కొత్తవారికి అనుకూలం, అంచు దగ్గర రంగు కాస్త దాటినా గీత దాచేస్తుంది. కాగితం కింద మెత్తని రబ్బరు షీటు వేసి అదిమితే అచ్చు సమంగా పడుతుంది.

మీరు కొనవలసిన వరుస నా లెక్కలో ఇది: ముందు నీటికి కరగని నల్ల ఇంక్ ప్యాడు ఒకటి, ఐవరీ షీట్లు, ఆ తరువాత మేకప్ బ్రష్షులు రెండు మూడు, చివరగా చిన్న సీసా వాసన తక్కువ థిన్నర్; స్టంపులు ఇంట్లోనే చుట్టుకోండి. బ్రష్షులు, ఇయర్ బడ్స్, టిష్యూలు బేగం బజార్‌లో టోకున ఇంకా తక్కువకు వస్తాయి, కానీ అక్కడ చాలా దుకాణాలు డజను లెక్కన తప్ప విడిగా ఇవ్వవు కాబట్టి, కార్డులు చేసే మరో ఇద్దరిని తోడు తీసుకుని ఉదయం దుకాణాలు తెరిచే వేళకే వెళ్లి పంచుకోండి.