బిందె పెట్టి రా

కీల్పాక్, చెన్నై

చి.ల.సౌ. అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. వేళచ్చేరి నుంచి కీల్పాక్‌కి ఫోన్లో క్షణంలో వచ్చేదాన్ని నాలుగు పేజీలు చేత్తో రాసి కొరియర్లో పంపావు. అందుకే నేనూ చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో, డెబ్బై రెండేళ్ళ చెయ్యి. ఇంకో మాట, నన్ను ‘మేడమ్’ అనకు. పిన్నీ అంటే చాలు.

నాలుగు పేజీల్లో మూడు పేజీలు తీరిక లేదని చెప్పడానికే ఖర్చుపెట్టావు. పెద్దవాడు యూకేజీ. చంటిదానికి ఐదో నెల. ఆఫీసువాళ్ళిచ్చిన 26 వారాల సెలవు వచ్చే నెలతో సరి. అత్తగారు నెల్లూరు వెళ్ళిపోయారు, పనమ్మాయి రోజు విడిచి రోజు. అన్నీ నిజాలే, ఒక్కటీ సాకు కాదు. రోజుకో గంట దొరికితే చాలు కథలు రాస్తానన్నావు, ఆ గంట ఎలా సంపాదించాలో చెప్పమన్నావు. నాకు తెలీదమ్మా. నీ వయసులో అది నాకూ దొరకలేదు. తర్వాత దొరికినప్పుడు ఏమైందో చెప్తాను గానీ, ముందు బిందెల సంగతి విను.

1983 ఎండాకాలం. ముందేడు వానల్లేక మద్రాసు చెరువులు ఎండిపోయాయి. మా వీధికి నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు, ఒక్కోసారి రాత్రి రెండింటికి. రాత్రంతా మనిషి నిలబడలేడు గదా, బిందె పెట్టి వచ్చేవాళ్ళం. నా ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె వరుసలో ఉంటే ఆ చోటు నాదే. ఎవరూ జరిపేవాళ్ళు కాదు, ఎదురింటి తమిళావిడ నోటికి జడిసి. నేను మూడేళ్ళవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని మెట్టుమీద కూర్చుని, పాల లెక్క రాసుకునే పుస్తకం వెనకవైపు నుంచి కథ రాసేదాన్ని. ఐదు నిమిషాలు, మహా అయితే పది. లారీ హారన్ వినపడగానే వాక్యం సగంలో వదిలేసి పరుగు.

ఆ సగం వాక్యమే నా రెండో బిందె. తెల్లారి ఇడ్లీలు దింపుతున్నా, వాడి చొక్కాకి బొత్తాలు పెడుతున్నా, అది అక్కడ కూర్చుని నా చోటు కాస్తుండేది. ‘ఆవిడ తలుపు తీసేసరికి’ అని ఆపానంటే, తలుపవతల ఎవరున్నారో అని సాంబారు పోపులో కూడా అదే ఆలోచన. అదే పేరా ముగించి చక్కగా చుక్క పెట్టి లేచిన రోజున మర్నాడు ఎక్కడ అందుకోవాలో తెలిసేది కాదు. ఇది నాకే పుస్తకమూ చెప్పలేదు, లారీ నేర్పింది.

ఆ వేసవిలో రెండు కథలు అలా పూర్తయ్యాయి. మొదటిదాన్ని ఒక వారపత్రిక ‘వంటింటి వాసన ఎక్కువైంది’ అని తిప్పి పంపింది. రెండోది వేరేచోట అచ్చయింది. మొదటిదే మంచి కథ, ఇప్పటికీ అదే అంటాను.

కృష్ణ నీళ్ళు మద్రాసుకి తెచ్చే తెలుగుగంగ ఒప్పందం మీద సంతకాలయిందీ ఆ ఏడే. నీళ్ళు మాత్రం 1996లో గానీ రాలేదు. నేను వాటికన్నా ఆలస్యం. 1985లో చిన్నది పుట్టింది, ‘పిల్లలు కాస్త పెద్దయ్యాక’ అనుకున్నాను. ఆ ‘కాస్త’కి పదిహేడేళ్ళు పట్టింది. 2002లో దాన్ని కోయంబత్తూరు హాస్టల్లో దింపి వచ్చాం. ఇల్లు ఖాళీ. మా ఆయన టేకు బల్ల కొని, పక్కన దీపం పెట్టించారు, ప్రేమగానే, పాపం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అంతా నాదే. నాలుగు నెలలు ఆ బల్ల ముందు కూర్చుని ఒక్క పేజీ రాయలేదు. గోడమీద బల్లి ఎటు పోతే అటు చూశాను. తీరిక వచ్చింది గానీ వరుసలో నా బిందె లేదు మరి, ఎప్పుడో తీసేసుకున్నాను. చివరికి ఓ రోజు చిక్కుడుకాయలు ఉడుకుతుంటే పొయ్యిగట్టు దగ్గర నిలబడి కరెంటు బిల్లు వెనక నాలుగు మాటలు గీకాను. అక్కడ కదిలింది. ఆ టేకు బల్లమీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలుంటాయి.

కాబట్టి గంట సంగతి వదిలెయ్. సగం వాక్యం చాలు, కానీ రోజూ. నీకు నాకు లేని సుఖం ఒకటుంది, ఫోను. చంటిదానికి పాలిస్తూ ఒక్క బొటనవేలితో తెలుగు కొట్టొచ్చు. మాట్లాడితే తనే రాసుకుంటుంది కూడా. నేను ప్రయత్నించాను, నా ‘చారు’ని ‘చాలు’ చేసింది. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. చిక్కల్లా, రాద్దామని తీసి స్కూలు వాట్సాప్ గ్రూపులో తేలతావు, రేపు ఏ రంగు చొక్కా వెయ్యాలో తెలుసుకుని మూసేస్తావు. నన్నడిగితే కాగితమే నయం. అది మోగదు.

నవల మొదలుపెట్టానన్నావు. పక్కన పెట్టు, ఇప్పుడు కాదు. ఎత్తగలిగిన బరువే ఎత్తుకోవాలి. ఈ ఊరినుంచే 1928లో ఆయుర్వేద వైద్యులు కె.ఎన్. కేసరిగారు ‘గృహలక్ష్మి’ మాసపత్రిక మొదలుపెట్టారు. అందులో కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘శారద లేఖలు’ రాశారు, శారద అనే ఆవిడ తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలుగా. ఆడవాళ్ళ చదువు, పెళ్ళి వయసు, ఎంత పెద్ద సంగతైనా ఉత్తరంలో ఒదిగేది. ఉత్తరానికో గుణముంది చూడు, ఎక్కడ మొదలుపెట్టినా చెల్లుతుంది, పిల్ల ఏడిస్తే ఎక్కడ ఆపినా చెల్లుతుంది. నువ్వు నాకు రాసిన నాలుగు పేజీలు నీ నవల మొదటి అధ్యాయం కన్నా బాగున్నాయి. కోపం తెచ్చుకోకు.

మీ ఆయన హెల్ప్ చేస్తాడని రాశావు. ఆ మాట నాకు గొంతు దిగలేదు. సొంత పిల్లల్ని చూసుకోవడం హెల్పెలా అవుతుంది? పోనీలే. ‘కాస్త చూస్తారా’ అని మాత్రం అడక్కు. అలా అడిగితే పది నిమిషాలకోసారి తలుపు దగ్గరికొచ్చి డైపర్లెక్కడ, గిలక్కాయెక్కడ అంటాడు. ఆదివారం పొద్దున చంటిదానికి పాలు పట్టేసి ఇచ్చి, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఇద్దరినీ బెసెంట్ నగర్ బీచికి తీసుకెళ్ళమను. వాళ్ళు ఇంట్లో లేకపోవడమే ముఖ్యం. ఎందుకని అడిగితే ‘రాసుకోవాలి’ అనే చెప్పు, ఏదో పనుంది అనకు. నేను దాచుకుని రాశాను. దాచినదానికి ఇంట్లో విలువుండదు. ఆ పాలపుస్తకాన్ని మా వాళ్ళు పాత పేపర్లవాడికి వేసేశారు, అందులో మూడో కథ సగం దాకా ఉంది. వాళ్ళ తప్పేముంది, అది పాల లెక్కే అనుకున్నారు. ఇక ఆ గంటన్నరలో గిన్నెలు తోమానని మాత్రం నాకు రాయకు. సింకు నిండితే నిండనీ.

రెండో పేజీ అడుగున ‘ఊరికే ఏడుపొస్తోంది’ అని రాసి కొట్టేశావు. కొట్టేసినా కనపడుతోందమ్మా. కాన్పయిన కొత్తలో నాలుగు రోజులు అలా ఉండటం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డాక్టరు చూడాల్సింది, కథలు రాస్తే పోయేది కాదు. నీకు ఐదో నెల. ఈ వారమే వెళ్ళు. అప్పటిదాకా రాత్రిపూట మరీ బరువనిపిస్తే టెలిమానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం ఉంది, 14416కి చెయ్యి, డబ్బులక్కర్లేదు, ఏ వేళయినా పలుకుతారు. వెళ్ళొచ్చానని నాకో ముక్క రాయి, నాకు అదే ముందు కావాలి.

ఇక నాలుగో పేజీ. అక్కడ, తీరిక లేదన్న గోలలో, ఓ మాట రాశావు. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మల్లెపూలమ్మే ఆవిడ కుడిచెయ్యి విరిగి కట్టు కట్టుకుందని, పన్నెండేళ్ళ కూతురు తన చేత్తో మూర కొలుస్తోందని, మూర పొట్టిదైపోయిందని బేరానికొచ్చినవాళ్ళు పోట్లాడుతున్నారని. ‘ఆ పిల్ల ఏమందంటే’ అని రాసి, పాప లేచింది ఉంటాను అని ముగించేశావు.

రెండు రోజులుగా నాకదే ధ్యాస. బియ్యం కడుగుతూ కూడా అదే. అమ్మ చెయ్యి నయమయ్యాక పాత మూరే వస్తుందా? వాళ్ళమ్మ ఏ భాషలో తిట్టుకుంటుంది, తమిళంలోనా? అయితే తమిళంలోనే ఉండనీ, తెలుగు చెయ్యకు. పిల్ల చెయ్యి చాలదని రేటు తగ్గించారా, లేక ఆ పిల్లే నాలుగు వేళ్ళు ఎక్కువ వదిలి కొలుస్తోందా? రేపు పూలు కొన్నప్పుడు చూసిరా. బజారు చీటీ వెనకైనా సరే రాసి పంపు.

ఆ పిల్ల ఏమంది?

ఆశీస్సులతో,
పిన్ని