పాత ఫ్యానుకు ఫోన్ కంట్రోల్ కావాలా? ముందు బోర్డు విప్పించండి

ప్రశ్న: మాది పద్మారావునగర్‌లో పాత ఇల్లు. హాల్లో ఉన్న ఫ్యాను నా పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చింది, ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామున చలేస్తే లేచి వెళ్లి రెగ్యులేటర్ తిప్పడం ఆవిడకు కష్టంగా ఉంది. ఫ్యాను పైకప్పులో పెట్టే చిన్న పెట్టె ఒకటి అమెరికా నుంచి పంపిస్తానంటున్నాడు మా అబ్బాయి. పెట్టించమంటారా? ట్యూబ్‌లైటు కూడా ఫోన్‌తో వెలిగేలా చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ పెట్టె పంపొద్దని అబ్బాయికి ఈరోజే చెప్పండమ్మా. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పైగా అక్కడ చాలా ఇళ్లలో లైటు ఫ్యాను కిందే వేలాడుతుంది, అందుకని రెండింటికీ కలిపి పైకప్పులో రిసీవర్ పెడతారు. మనకు ఫ్యాను కొక్కేనికి, ట్యూబ్‌లైటు గోడకు. రెండింటి వైర్లూ వచ్చి చేరేది స్విచ్‌బోర్డులోకే. పని జరగాల్సింది అక్కడ. ఫోన్ మాట విని ఫ్యానునూ లైటునూ నడిపే 'మాడ్యూల్' అనే చిన్న పెట్టెను ఆ బోర్డు వెనకే బిగిస్తారు.

పాత ఇల్లని దిగులు పడకండి. మీది చెక్కపెట్టె మీద సన్‌మైకా పలక బిగించిన బోర్డే అయితే ఈ పనికి అంతకన్నా మంచిది లేదు. లోపల చెయ్యి పట్టేంత చోటుంటుంది. కొత్త ఫ్లాట్లలో బోర్డు వెనక ఇరుకు ఇనుప డబ్బా ఉంటే అందులో మాడ్యూల్ కుక్కలేక ఎలక్ట్రీషియన్లు తల పట్టుకుంటారు. ఆ ఇనుము వైఫై సిగ్నల్‌కూ అడ్డే.

అసలు చూడాల్సింది బోర్డులో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఉందా లేదా అని. మామూలు స్విచ్‌కు ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, ఒక్కటి చాలు. మాడ్యూల్ అలా కాదు, ఫ్యాను ఆపేసినా అది మేలుకునే ఉండి వైఫై వింటూ ఉండాలి. దానికి న్యూట్రల్ కావాలి. మీ బోర్డులో ఫోన్ చార్జర్ పెట్టుకునే ప్లగ్ సాకెట్ ఉందా? ఉండి పనిచేస్తుంటే న్యూట్రల్ వచ్చినట్టే. లేకపోతే పక్క బోర్డు నుంచి లాగించండి. 'ఎర్త్ వైరుకు కలిపేస్తే సరిపోతుందండీ' అనే ఎలక్ట్రీషియన్ దొరికితే మాత్రం మంచినీళ్లిచ్చి పంపించేయండి. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. పాత వైరింగులో రంగులనూ నమ్మకండి. ఎరుపంటే ఫేజే అనుకోవడానికి లేదు, టెస్టర్‌తో చూడాల్సిందే. బోర్డు విప్పేముందు మెయిన్ ఆపించండి.

కోఠి ట్రూప్ బజార్‌కు వెళ్తే 'స్మార్ట్ స్విచ్' అని అడక్కండి. ఆన్, ఆఫ్ తప్ప ఏమీ చేయని రిలే చేతిలో పెడతారు. 'ఫ్యాన్ స్పీడ్ కంట్రోల్, లైటు ఆన్-ఆఫ్ రెండూ ఉన్న మాడ్యూల్, గోడ స్విచ్ కూడా పనిచేయాలి, రిమోట్‌తో సహా' అని పూర్తిగా చెప్పండి. లైట్ల వెలుతురు తగ్గించే డిమ్మర్ అంటగడితే ఫ్యాను రాత్రంతా గుయ్యిమంటుంది. స్పీడు తగ్గించడానికి లోపల కెపాసిటర్లు ఉన్నది తీసుకోండి, చప్పుడుండదు. అది పెట్టాక పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తీసేయించండి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలే ఆ పెద్ద గుండ్రటి రెగ్యులేటర్ అయితే మరీను, అది మిగిల్చిన కరెంటంతా వేడి కింద పోతుంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందనిపిస్తే ముందు కండెన్సర్ మార్పించండి, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది పడుతుంది.

రిమోట్ ఎందుకంటున్నానంటే, ఫోన్ మీకు. అత్తయ్యగారికి దిండు కింద పెట్టుకునే రిమోటే మేలు. చీకట్లో కళ్లజోడు వెతుక్కుని, యాప్ తెరిచి స్పీడు తగ్గించమంటే ఆవిడ లేచి రెగ్యులేటర్ దగ్గరికే నడుస్తారు. మాడ్యూల్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పనిచేసేదై ఉంటుంది, రౌటర్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. కరెంటు పోయి వచ్చాక ఫ్యాను ఏ స్పీడులో ఉందో ఆ స్పీడులోనే మొదలయ్యేలా యాప్‌లో సెట్ చేయించండి. ఎండాకాలం గాలివానలకు అది మనకు తప్పని అవసరం.

ట్యూబ్‌లైటు సంగతి తేలిక. చోకు, స్టార్టర్ ఉన్న 40 వాట్ల పాతదైతే దానికి మాడ్యూల్ దండగ. ముందు 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటులాగే ఉండే పట్టీ లైటు) వేయించి, దాన్ని అదే మాడ్యూల్‌లో లైటుకున్న కనెక్షన్‌కు కలపండి.

ఫ్యాను మార్చేయమని షాపులో తప్పకుండా అంటారు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తింటుంది, మీది 75 దాకా. రిమోట్ కూడా దాంతోనే వస్తుంది. లెక్క వాళ్లవైపే ఉంది. అయినా పుట్టింటి ఫ్యాను బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతుంటే నేనైతే దించను.

ప్రశ్న: అమీర్‌పేటలో అద్దె గదిలో ఉంటాను. ఓనర్ బోర్డు ముట్టుకోనివ్వరు. నాకేమైనా దారి ఉందా?
— ఒక విద్యార్థి

జవాబు: లైటుకుంది బాబూ. హోల్డర్‌లో స్మార్ట్ బల్బు పెట్టుకో, గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. రూమ్మేట్ అలవాటుకొద్దీ ఆపేస్తే ఫోన్‌లో ఎంత నొక్కినా వెలగదు, అందుకని స్విచ్ మీద టేపు అతికించు. ఫ్యాను జోలికి వెళ్లకు. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ బల్బు మళ్లీ పెట్టి, నీది తీసుకెళ్లు.