దుబాయ్ ఇంటీరియర్ ఉద్యోగానికి వెళ్లే ముందు

చిరంజీవి సౌమ్యకు ఆశీస్సులు.

దుబాయ్‌లో ఫిట్-అవుట్ కంపెనీలకు, అంటే భవనాల లోపలి పనులు చేసేవాళ్లకు, అప్లై చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. ముందు బీఆర్క్ డిగ్రీ అటెస్టేషన్ (అసలుదేనని అధికారుల ముద్ర) మొదలుపెట్టమ్మా. మన రాష్ట్రంలో ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. ఈ వరస తప్పితే వెనక్కి పంపుతారు. మనవాళ్లకు చిక్కొచ్చేది ఇంటిపేరు దగ్గరే. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటాయి. అలా ఉంటే ఇక్కడే సరిచేయించుకో.

పోర్ట్‌ఫోలియో 20 పేజీలు దాటనివ్వకు. త్రీడీ బొమ్మలు తగ్గించి షాప్ డ్రాయింగులు (పనివాళ్లు చూసి తయారుచేసే వివరమైన కొలతల బొమ్మలు) పెట్టు. పలక మందం, కీలు, ఎడ్జ్ బ్యాండింగ్ (పలక అంచుకు అతికించే పట్టీ), గోడకు బిగింపు కొలతలతో సహా కనిపించే ఒక్క వార్డ్‌రోబ్ సెక్షన్ పది త్రీడీ బొమ్మల కన్నా ఎక్కువ చెబుతుంది.

అన్నిటికన్నా సీలింగ్ ప్లాన్ మీద ప్రాణం పెట్టు. 300 మి.మీ. ఏసీ గాలి డక్టుకు ఇన్సులేషన్, హ్యాంగర్లు, జిప్సం ఫ్రేము కలిస్తే 400 దాటిపోతుంది. స్లాబు కింద బీము ఉంటే అదీ కలుపుకోవాలి. ఈ లెక్క చూడకుండా కోవ్ లైటు (సీలింగ్ అంచు గాడిలో దాగుండే లైటు) గీస్తే సైట్‌లో సీలింగ్ కిందికి దిగి తలుపు ఫ్రేముకు తగులుతుంది. ఎఫ్‌సీయూ (సీలింగ్ లోపలి ఏసీ యూనిట్) కింద యాక్సెస్ ప్యానెల్, అంటే తెరిచే మూత, మర్చిపోతే, ఫిల్టరు శుభ్రం చేయాల్సిన రోజున కొత్త జిప్సం కోయాల్సి వస్తుంది. మంటలార్పే స్ప్రింక్లర్లను సొంతంగా జరపకు, వాటికి సివిల్ డిఫెన్స్ (అక్కడి అగ్నిమాపక శాఖ) అనుమతి కావాలి. కొలతలు పాత డ్రాయింగుల నుంచి తీసుకోకు, లేజర్‌తో నువ్వే కొలుచుకో.

హ్యాండోవర్ తేదీ దగ్గరపడితే ఏసీ నడవకముందే చెక్క ఫ్లోరింగ్ వేసేద్దామంటారు. గట్టిగా అడ్డుపడు. అక్కడి ఉక్కపోతలో తేమ పీల్చిన చెక్క, తర్వాత ఏసీ గాలికి ఆరి సందులు విడుస్తుంది. పలకల్ని ఏసీ నడుస్తున్న గదిలో కనీసం 48 గంటలు ఉంచి, గోడ పక్కన 10 మి.మీ. ఖాళీ వదిలి వేయించు. స్క్రీడ్‌లో (ఫ్లోరింగ్ కింది సిమెంటు పొరలో) తేమ కూడా మీటరుతో చూడమను.

ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి మురిసిపోకు, బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) ఎంతో చూడు. ఏడాది సర్వీసు నిండాక, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ లెక్కకట్టేది దాని మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన 30 రోజులది. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. వీసా ఖర్చు కంపెనీదే, ఏజెంటు అడిగినా ఇవ్వకు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా దాచిపెట్టకు. విజిట్ వీసా మీద పనిలోకి రమ్మంటే మాత్రం వెళ్లనే వెళ్లకు.

లెటర్ రాగానే నాకు పంపు, సంతకం చేసేముందు ఇద్దరం చదువుదాం.

మీ పెదనాన్న