రాడ్లు విరగ్గొట్టే ఉద్యోగంలో ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లో చేరాను. ఏడాది దాటింది. పొద్దస్తమానం యూటీఎం (లాగి బలం చూసే మిషన్) మీద టీఎంటీ (కట్టడాల్లో వాడే ఉక్కు) రాడ్లు లాగి విరగ్గొట్టడమే పని. జీతం అంతంతమాత్రం. ఫ్రెండ్స్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నారు, నాన్నగారు ఈసెట్ (డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరే పరీక్ష) రాయమంటున్నారు. పైగా ఎలాంగేషన్ (సాగుదల) తక్కువొస్తే ‘కొంచెం సర్ది రాయి’ అంటున్నారు ల్యాబ్‌లో. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతాను. 16 ఎంఎం రాడ్డు, గ్రేడు ఎఫ్‌ఈ 500డి. యీల్డ్ (రాడ్డు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 560 మెగాపాస్కల్ వచ్చింది. మీరు ముందుగా 80 మిల్లీమీటర్ల దూరంలో గీసుకున్న రెండు గుర్తులు, విరిగిన ముక్కలు రెండూ ఆనించి కొలిస్తే 90.4 దగ్గర ఉన్నాయి. సైటు ఇంజినీరు ఫోన్ చేసి ‘500 ఉండాల్సిన చోట 560 వచ్చింది కదా, ఇంకేం కావాలి?’ అన్నాడు. మీరేం చెబుతారు?

ఫెయిల్ అని చెప్పాలి. ఐఎస్ 1786 (ఈ రాడ్ల భారతీయ ప్రమాణం) ప్రకారం ఆ గ్రేడుకి సాగుదల కనీసం 16 శాతం ఉండాలి, మీకొచ్చింది 13 (80కి 10.4 పెరిగింది). గ్రేడు చివర ఉన్న ‘డి’ డక్టిలిటీ కోసమే. భూకంపం వచ్చినప్పుడు స్తంభంలోని రాడ్డు సాగి ఆ శక్తిని మింగాలి. పగుళ్లు కనిపించి, జనం బయటపడే వ్యవధి దొరకాలి. సాగకుండా పుటుక్కున తెగితే ఎంత బలమున్నా దండగే. మరి బలం పెరిగి సాగుదల ఎందుకు తగ్గింది? రోలింగ్ నుంచి ఎర్రగా వచ్చే రాడ్డు మీద నీళ్లు కొట్టి చల్లారుస్తారు. పైపొర గట్టిపడి మార్టెన్‌సైట్ (ఉక్కు గట్టి రూపం) అవుతుంది, లోపల ఉన్న వేడే తర్వాత దాన్ని కొంత మెత్తబరుస్తుంది. నడిభాగం మెత్తగానే ఉంటుంది. నీళ్లు ఎక్కువై గట్టిపొర మందమైతే ఇలా జరగొచ్చు. నమ్మకపోతే ఆ రాడ్డు అడ్డకోత ముక్కని నున్నగా పాలిష్ పట్టి, నైటాల్‌లో (నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) ముంచి చూడండి. అంచు చుట్టూ ముదురు రంగు ఉంగరం, లోపల లేత రంగు. ఉంగరం మందాన్ని స్కేలుతోనే కొలవొచ్చు.

ఈ జవాబు మీకు ముందే తెలిసుంటే మీరు ఈ రంగంలో ఉండాల్సిన మనిషి. తెలియకపోతే ఏడాదిగా మిషన్ నడిపారు, అంతే. ఇలా అన్నందుకు ఏమీ అనుకోకండి. చాలా ల్యాబుల్లో నేర్పేవాళ్లు ఉండరు. ఐఎస్ 1608 (లాగుడు పరీక్ష ప్రమాణం), ఐఎస్ 1786 తెచ్చుకుని రాత్రిళ్లు చదవండి. రాడ్డు మీద రిబ్బులు ఉంటాయి కాబట్టి వెర్నియర్ పెట్టి వ్యాసం తీయకుండా, తూకం వేసి వైశాల్యం ఎందుకు లెక్కకడతామో, యీల్డ్ దగ్గర ముల్లు తడబడని రాడ్డుకి 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ (అంతమేర శాశ్వతంగా సాగదీసే ఒత్తిడి) ఎలా తీస్తారో అందులోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ సంగతి: కోడింగ్ అంటే ఇష్టం ఉంటే వెళ్లండి. ఇక్కడ బోరు కొట్టిందని మాత్రం వెళ్లకండి, బోరు అక్కడా ఉంటుంది.

నేనైతే నాన్నగారి మాటే వినమంటాను. ఈసెట్ రాస్తే నేరుగా రెండో ఏడాదిలో చేరతారు. మెకానికల్ డిప్లొమాతో ఎక్కువగా మెకానికల్ సీటే వస్తుంది, ఫర్వాలేదు. బీటెక్ చివర్లో గేట్‌లో మెటలర్జీ పేపరు రాసి, ఎంటెక్ మెటీరియల్స్ వైపు మళ్లొచ్చు. వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్ ఐఐటీ రెంటిలోనూ ఆ విభాగాలున్నాయి. లోహాల మీద పనిచేసే పెద్ద సంస్థలు హైదరాబాద్‌లోనే ఉండటం మన అదృష్టం. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), మిధాని (ప్రత్యేక లోహాల కర్మాగారం), ఇటు ఎన్ఎఫ్‌సీ (అణు ఇంధన కర్మాగారం). రాడ్డు లాగిన అనుభవం ఉన్నవాడు అక్కడ ఇంటర్వ్యూలో కూర్చుంటే, పుస్తకంలో గ్రాఫు మాత్రమే చూసినవాడికంటే మెరుగ్గా మాట్లాడతాడు. డీఆర్‌డీఓ సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకి డిప్లొమాతోనే అప్లై చెయ్యొచ్చు, నోటిఫికేషన్ మీద ఒక కన్నేసి ఉంచండి.

చదువు కుదరకపోతే ఎన్‌డీటీ (వస్తువుని విరగ్గొట్టకుండా లోపాలు పట్టే పరీక్షలు). అల్ట్రాసోనిక్, మాగ్నెటిక్ పార్టికల్, డై పెనిట్రెంట్... లెవెల్ 2 చేసినవాళ్లకి రిఫైనరీల్లో, గల్ఫ్‌లో గిరాకీ ఉంది. ఫీజు కట్టేముందు ఒక సంగతి తెలుసుకోండి. ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ (అమెరికా ఎన్‌డీటీ సంఘం మార్గదర్శకం) పద్ధతిలో సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత యజమానిది. కంపెనీ మారితే కొత్త కంపెనీ మళ్లీ సర్టిఫై చెయ్యాలి. ఐఎస్ఓ 9712 (అంతర్జాతీయ ప్రమాణం) అయితే బయటి సంస్థ ఇస్తుంది. ‘జీవితాంతం చెల్లుతుంది’ అనే ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తే బయటికొచ్చెయ్యండి. దగ్గరి చూపు పరీక్ష ఏటా ఉంటుంది, కళ్లు ముందే చూపించుకోండి.

ఇక ‘సర్ది రాయి’ విషయం. రాయొద్దు. పగులు గ్రిప్ దగ్గర పడితే ఆ సాగుదల లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ టెస్ట్ చెయ్యొచ్చు, అది రూలు. గుర్తుల మధ్యే విరిగి 13 వస్తే 13 రాయాలి. మీ చేతిరాతతో ఉన్న రీడింగ్ రిజిస్టరు రేపు ఏదైనా కేసులో బయటికొస్తే ముందు దొరికేది మీరే, మీ బాస్ తర్వాత. మౌఖికంగా చెబితే వినపడనట్టు ఉండండి, గట్టిగా ఒత్తిడి చేస్తే ఉద్యోగం మారండి.

మారేటప్పుడు జీతంతో పాటు ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు చూడండి. ఆ ల్యాబ్ ఏయే పరీక్షలకి అర్హమో వాళ్ల స్కోపులో ఉంటుంది, ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. టెన్సైల్ (లాగుడు పరీక్ష) ఒక్కటే ఉన్నచోట మళ్లీ చేరకండి. ఛార్పీ (గంటు పెట్టిన ముక్కని లోలకంతో కొట్టి విరిచే పరీక్ష) ఉందా చూడండి: 1943 జనవరిలో అమెరికాలో ‘షెనెక్టడీ’ అనే కొత్త ట్యాంకరు ఓడ రేవులో కట్టేసి ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. మామూలుగా లాగి చూస్తే బాగానే ఉండే ఉక్కు, గంటు పడి చలి తగిలితే ఎలా పెళుసవుతుందో ఆ లోలకం పరీక్షలోనే తెలుస్తుంది. హార్డ్‌నెస్, మైక్రోస్కోపు కూడా ఉండి, నేర్పడానికి ఒక మెటలర్జిస్టు ఉంటే జీతం రెండు వేలు తక్కువైనా చేరండి. డిగ్రీ, అనుభవం కలిశాక రిపోర్టుల మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది, జీతం పెరిగేది అక్కడే. ఈసెట్‌కి చదువుకోవడానికి సాయంత్రాలు ఖాళీ ఉంటాయో లేదో కూడా చేరేముందే అడగండి.