బూజు పట్టిన క్యాసెట్లలో పేట ఛానల్

ప్రశ్న: 1990లలో మా పేట కేబుల్ ఆయన సొంతంగా ఓ లోకల్ ఛానల్ నడిపేవారు. ఉగాది సభలు, మన తెలుగు పిల్లల నాటకాలు అందులో వచ్చేవి. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్లు వాళ్లింట్లో ఓ అట్టపెట్టెడు మిగిలాయి. కొన్నింటి మీద తెల్లటి పొడి ఉంది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఛానల్ చరిత్ర రాయాలనుంది. ఏది ఏ ఏడాదిదో ఎలా తేల్చాలి?
— ఓ పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు ఆ తెల్ల పొడి సంగతి. అది బూజు, చెన్నై ఉక్కకు పట్టేదే. అలాంటి క్యాసెట్టును ఎంత ఆత్రంగా ఉన్నా వీసీఆర్‌లో పెట్టకండి. బూజు హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటుకుని బొమ్మ పోతుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. చుట్టలు అతుక్కుపోయి ఉంటే టేపే తెగుతుంది. బూజు లేనివాటిని వేరుచేసి ముందు వాటి పని కానివ్వండి.

బూజు పట్టినవాటిని మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్నాళ్లు ఉంచితే అది పొడిబారుతుంది. అప్పుడు మాస్కు కట్టుకుని, ఆరుబయట, అడుగువైపు ఐదు స్క్రూలు విప్పండి. టేపు ఏ దారిన వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకుని, చుట్ట అంచుల మీది పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపి, రెండు రీళ్లనూ శుభ్రమైన వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చండి. టేపు ముఖానికి వేలు తగలనీయొద్దు.

ఎక్కించేముందు వెనక ట్యాబ్ విరిచేస్తే పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. బొమ్మ కొలత 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి చూపే పద్ధతి) అలాగే ఉంచాలి. డీవీ ఫార్మాట్‌లో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. లోకల్ ఛానల్ టేపులు తరచూ కాపీకి కాపీలు కాబట్టి సింక్ (బొమ్మను నిలకడగా ఉంచే సంకేతం) బలహీనం. వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపే చవక యూఎస్‌బీ పరికరం ఫ్రేములు జారవిడుస్తుంది, మాటకూ పెదవికీ పొంతన ఉండదు. మధ్యలో లైన్-ఇన్ (బయటి బొమ్మను తీసుకునే సాకెట్) ఉన్న పాత డీవీడీ రికార్డర్ పెట్టి చూడండి, కొన్ని మోడళ్లు సింక్‌ను సరిచేసి పంపుతాయి.

ఏడాది తేల్చేవి ప్రకటనలే, దయచేసి ఒక్కటీ కత్తిరించకండి. జెమినీ టీవీ ఊసుంటే అది 1995కు ముందుది కాదు. దుకాణం చిరునామాలో మద్రాసు అని ఉంటే 1996 పేరుమార్పుకు ముందుది కావచ్చు, కానీ పాత బోర్డులు చాలాకాలం నిలిచాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. పే ఛానళ్లకు సెట్‌టాప్ బాక్సు పెట్టుకోమనే ప్రకటన కనిపిస్తే 2003ను చూడండి. ఆ ఏడాది సెప్టెంబర్ 1న చెన్నైలో ఆ పద్ధతి మొదలైంది.

కాగితాలూ అడగండి. 1995 కేబుల్ చట్టం కింద అప్పట్లో ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో నమోదు కావాల్సి ఉండేది. ప్రసారాల రిజిస్టర్ నెలనెలా రాసి ఏడాదిపాటు దాచాలనీ ఆ చట్టంలో ఉండేది. వాళ్ల అటక మీద ఒక్కటి దొరికినా మీ పని సగం తీరినట్టే. వీసీఆర్‌ను ఏ మాడ్యులేటర్‌కు (బొమ్మను టీవీ ఛానల్‌గా మార్చి తీగలోకి పంపే పెట్టెకు) తగిలించేవారు, తీగ ఏ వీధి దాకా లాగారు అన్నవి కేబుల్ ఆయన నోటే రికార్డు చేసుకోండి, ఇవి ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.