పక్కింటి గేదె పొడిస్తే ఖర్చు ఎవరు భరించాలి?

పక్కింటివాళ్ల గేదె పొడిచి మీ నాన్నగారి కాలు విరిగిందని, ఆసుపత్రి ఖర్చు అడిగితే ‘మూగజీవం చేసినదానికి మేమేం చేస్తాం’ అంటున్నారని రాశారు. 2019లో నాకూ అక్షరాలా ఇదే జవాబు వచ్చింది. మాది అమలాపురం దగ్గర పల్లె. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల రోజుల్లో కాలువ గట్టు మీద సైకిలుపై వస్తుంటే, ఎదురొచ్చిన గేదె కుమ్మి నన్ను బోదెలో పడేసింది. ముంజేయి విరిగింది.

మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సూత్రాలనే కోర్టులు పాటిస్తున్నాయి. పులినో ఎలుగునో పెంచుకుంటే ‘మీద పడుతుందని, కరుస్తుందని తెలియదు’ అనే సాకు చెల్లదు. గేదె, ఆవు, కుక్క అలా కాదు. దానికి ఆ దుర్గుణం ఉందని యజమానికి ముందే తెలుసని గానీ, అజాగ్రత్తగా వదిలేశాడని గానీ మనమే చూపాలి. (చేలో పడి మేస్తే మాత్రం ఈ ప్రశ్న రాదు, మేయడం పశువు నైజమే కదా. దానికి 1871 నాటి చట్టం, చేలో పడ్డ పశువులను తోలి కట్టేసే బందెలదొడ్డి ఉన్నాయి.)

నాకు దారి చూపింది ఆ గేదె మెడలోని గుదికర్ర, అంటే పొగరు పశువు పరుగెత్తకుండా మెడకు వేలాడగట్టే కర్ర. మూరెడు సరుగుడు దుంగ, తాడు ఒరుసుకుని మెడ దగ్గర వెంట్రుకలు ఊడిపోయాయి. అంటే కట్టి చాలాకాలమైంది. సాధువైన గేదెకు గుదికర్ర ఎవరు కడతారు? ఆరా తీస్తే, అంతకు ముందు ఏడాది పాల కోసం వెళ్లిన ఒక ముసలమ్మనూ కుమ్మిందని తెలిసింది. ఆమె కొడుకు సాక్ష్యానికి ఒప్పుకున్నాడు.

వకీలు సలహాతో నోటీసు పంపి, మండల న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ పెట్టాను. ఫీజు లేదు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. నలభై వేలు అడిగితే ఇరవై ఆరు వేలకు కుదిరింది, సగం అప్పుడు, సగం కోతలయ్యాక. నాకు నష్టమే, అయినా దావా వేసి తిరగడం కన్నా నయమనిపించింది. రాజీకి రాకపోతే మీరు దావా వేయవచ్చు, గడువు మూడేళ్లు.

పోలీసు కేసు అంటారా, భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ జరిమానాతో మీ ఆసుపత్రి బిల్లు తీరదు.

మందుల రసీదులన్నీ దాచండి. ఆ గేదె మెడకు, కొమ్ములకు ఏముందో ఈరోజే ఫొటో తీయండి. నేను పడిన రోజే మా తమ్ముడు తీశాడు కాబట్టి సరిపోయింది. నోటీసు అందిన మర్నాటికి ఆ గుదికర్ర వాళ్ల పొయ్యిలో ఉంది.